పటేలు బల్ల మీద రేడియం మిషన్

మా ముత్తాత మాలీ పటేలు. ఊరి శిస్తు ఆయన చేతి మీదుగా పోయేది. తాత పోలీసు పటేలు. ఊళ్లో దొంగతనం జరిగినా, ఆలుమగలు కొట్టుకున్నా, ఒకరి ఎద్దు మరొకరి చేలో పడినా తగవు మా ఇంటి ముందుకే వచ్చేది. బాపు నాటికి పటేలు అనే ఉద్యోగాన్నే ప్రభుత్వం తీసేసింది. పిలుపు మాత్రం మిగిలింది. ఆయన ఆ పిలుపు మీదే, ఇస్త్రీ మడత చెడని తెల్లబట్టల్లో, చివరిదాకా బతికాడు. నా వంతుకు వచ్చేసరికి మిగిలినవి కోస్గి బజారులో కిరాయికి తీసుకున్న ఒక మడిగె, రేడియం స్టిక్కర్లు కోసే ఒక మిషన్, తాత కూర్చున్న టేకు బల్ల. వెన్ను కూడా మిగిలిందనుకోండి. మా ఇంట్లో పిల్లలకు మాటలు సరిగా రాకముందే నిటారుగా కూర్చోవడం నేర్పేవారు. ఇప్పటికీ నేను చాయ్ హోటల్లో కూర్చుంటే పక్కవాళ్లు ఎవరో ఆఫీసరు తనిఖీకి వచ్చాడనుకుంటారు.

మొన్న నారాయణపేట నుంచి ఒకతను ఫోన్ చేశాడు. కొత్తగా రేడియం షాపు పెట్టుకున్నాడట, నా నంబరు ఎవరో ఇచ్చారట. "అన్నా, మిషన్‌ల రేడియం సీదా పోతలేదు. చిన్న పనైతే మంచిగనే వస్తున్నది. పొడుగు లైనిస్తే జర దూరం పోంగనే పక్కకు గుంజుకుంటున్నది" అన్నాడు. రబ్బరు చక్రాలు తుడిచావా అని అడిగాను. తుడిచాడట. రెండు చక్రాలూ సమానంగా నొక్కుతున్నాయా అంటే నొక్కుతున్నాయన్నాడు. రేడియం చుట్ట బరువును మిషన్‌తో లాగించకుండా ముందే కొంత విప్పి వదులుగా ఉంచమని చెప్పాను. అదీ చేశాడట. అప్పుడు అడిగాను, "మిషన్ దేని మీద పెట్టినవ్?" అని. ఇనుప టేబుల్ మీద అన్నాడు. "టేబుల్ సమానంగ ఉన్నదా చూస్కో" అని పెట్టేశాను. కాసేపటికి మళ్లీ ఫోన్ చేసి, ఒక కాలు కింద బండ దిగిందని, అదే కారణమని సంబరంగా చెప్పాడు. ఆ సంగతి నాకెలా తట్టిందో అతను అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్నో నాకు తెలియదు. ఆ పూట మళ్లీ పని ముట్టబుద్ధి కాలేదు.

ఆ మిషన్ గురించి కొంత చెప్పాలి. రేడియం అంటే మా దిక్కు బండ్ల నంబరు ప్లేట్ల మీద, ఆటోల అద్దాల మీద అంటించే రంగు పొర. కాగితం మీద అతికించి చుట్టలుగా వస్తుంది. మిషన్‌లో కింద ఒక గరుకు కడ్డీ, దాని మీద నొక్కుకుని చిన్న రబ్బరు చక్రాలు ఉంటాయి. వాటి మధ్య పొర ముందుకూ వెనక్కూ నడుస్తుంది. పైన కత్తి అడ్డంగా మాత్రమే తిరుగుతుంది. నడిచేది ఒకటి, కోసేది ఒకటి. రెండూ ఒద్దికగా ఉంటేనే అక్షరం అక్షరంలా వస్తుంది. పొర కాస్త పక్కకు జరిగినా కత్తి పట్టించుకోదు, తన దారిన తాను కోసుకుంటూ పోతుంది. ఈ పనికి రాకముందు నేను కొన్నాళ్లు ఒక విత్తనాల కంపెనీలో చేసి, మేనేజరు నన్ను ఏకవచనంతో పిలిచాడని మానేశాను. తెలంగాణ వచ్చిన కొత్తలో ప్రతి బండికీ కొత్త రాష్ట్రం అక్షరాలు కావలసి వచ్చాయి. అప్పుడు ఈ షాపు పెట్టాను. ఆటోవాళ్లకు బిడ్డల పేర్లు, ట్రాక్టర్లకు ఊళ్ల పేర్లు, పాస్టర్ గారి జీపుకు శిలువ, మెకానిక్ సాబుల బండ్లకు చంద్రవంక. అన్నీ చిన్న పనులే. అన్నీ సరిగ్గానే వచ్చేవి.

ఇక బల్ల. మందపాటి టేకు, కడిసెల పట్టి గుండ్రంగా తీర్చిన కాళ్లు. దాని పొడవున ఇద్దరు పడుకోవచ్చు. తాత ఎప్పుడూ ఎడమవైపు దిండు వేసుకుని, అటే ఒరిగి కూర్చునేవాడు. ఆయన తండ్రీ అంతే. రెండో వైపు కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి అరుగుదల అంతా ఎడమవైపే. అక్కడ చెయ్యి పెడితే నీటిలో నానిన సబ్బులా నున్నగా, కొద్దిగా పల్లంగా ఉండేది. ఊళ్లో ఇల్లు పోయినప్పుడు నేను తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. మడిగెలో పెట్టి దాని మీద మిషన్ ఎక్కించాను. మా ఊరి పాతవాళ్లు పని మీద వస్తే బల్లను గుర్తుపట్టి గడప దగ్గరే ఆగిపోయేవారు. అక్కడి నుంచే ఏం కావాలో చెప్పి, అక్కడే తీసుకుపోయేవారు. అది నా మీద మర్యాద అనుకుని లోపల్లోపల నిటారయ్యేవాణ్ని.

మా ఇంటావిడకు మాత్రం ఆ బల్ల గిట్టేది కాదు. కోసిన రేడియంలో అనవసరమైన ముక్కలను సూదితో పీకి తీసే పని ఆమెది. "ఇగో, గీ బల్ల జర తీసేయుండ్రి. పెన్సిలు పెడితే ఆగదు, చుట్ట పెడితే ఆగదు, అన్నీ ఒక్క దిక్కే ఉరుకుతున్నయ్" అనేది. "ఇది తాత కూసున్న బల్ల" అనేవాణ్ని. "తాత కూసున్నడు గద, సాలు. మిషన్ కూసోనీకి పనికొస్తలేదు" అనేది. మా ఇంటి కథలు ఆమెకు పెళ్లి నాటి నుంచీ వినీ వినీ విసుగు. ఒక్క కథకు మాత్రం నవ్వేది. అది చెంబు కథ. తాత ఒకసారి ఈ బల్ల మీద కూర్చుని కాలితో ఒక తన్ను తంతే రాగి చెంబు వాకిలి దాటి, దొర్లుకుంటూ పోయి కోళ్లగంపలో దూరిందట. పొదిగే పెట్ట లేచి ఇంటి కప్పు మీదికి ఎగిరి రెండు రోజులు దిగలేదట. మా చుట్టాల పెళ్లిళ్లలో ఈ కథ లేకుండా భోజనాలు ముగిసేవి కావు. బాపు తర్వాత దాన్ని చెప్పే వంతు నాదయింది. కోడిపెట్ట అరుపుతో సహా చెప్పేవాణ్ని. ఎవరి చెంబు, ఎందుకు తన్నాడు అని ఎవరూ అడిగేవారు కాదు. నేనూ అడగలేదు.

ఒక ఎండాకాలం మా ఊళ్లో బొడ్రాయి పండుగ తలపెట్టారు. ఊరి నడుమ పాతిన బొడ్డురాయిని మళ్లీ ప్రతిష్ఠించే పండుగ అది. ఏ ఊళ్లో ఉన్న ఆడబిడ్డనైనా పిలిచి ఒడిబియ్యం పోస్తారు. ప్రతిష్ఠ నాడు తెల్లవారకముందే పొలిమేర కడతారు. ఆ తర్వాత రాయి నిలబెట్టేదాకా ఊళ్లోకి ఒకరు రాకూడదు, ఊళ్లోంచి ఒకరు పోకూడదు. ఒక వస్తువు కూడా దాటకూడదు. గతంలో జరిగిన పండుగలో రాతి మీద మొదటి కడవ నీళ్లు మా ఇంటివే. ఈసారి ఊళ్లో మా ఇల్లే లేదు. సర్పంచ్‌గా ఉన్నామె మామగారు మా తాత దగ్గర జీతం ఉన్నవాడు. అంటే పశువుల కొట్టంలోనే పడుకుని, ఏడాది పొడుగునా మా చాకిరీ చేసినవాడు. ఆమె భర్త బస్సు కండక్టరు. పండుగకు ముందు ఒకరోజు డ్యూటీ దిగి, ఖాకీ బట్టలతోనే నా మడిగెకు వచ్చాడు.

"పటేలా, ఊరి ముంగట కమాను కట్టించినం" అన్నాడు. "పైన ఊరి పేరు, కింద మా నాయిన పేరు. జ్ఞాపకార్థం అని ఒక్కటే లైన్ల రావాలె. బంగారు రంగు. బండి లైటు పడితే మెరవాలె." పేరు చెప్పమన్నాను. చెప్పాడు. కంప్యూటరు మీద నా వేళ్లు ఆగాయి. మా ఇంట్లో ఆ మనిషి పేరును సగానికి కొరికి చివర 'గాడు' తగిలించి పిలిచేవారు. ఆయన పేరు అంతేననుకుని పెరిగాను. పూర్తి పేరు వినడం అదే మొదలు. "చివరికి గారు రాయి పటేలా. మరువకు" అన్నాడు కండక్టరు. ఆ పేరు నేను ఇక్కడ రాయడం లేదు. కమాను మీద ఉంది, దారిన పోయే ఎవరైనా చదువుకోవచ్చు.

పొలిమేర కట్టే ముందు రోజు పొద్దున పని మొదలుపెట్టాను. ఊరి పేరు చిన్నది, అద్దంలా వచ్చింది. జ్ఞాపకార్థం అన్న మాటను ముందుపెట్టి, పేరునూ గారునూ దాని వెనక చేర్చిన పొడుగు లైను మొదలు బాగానే నడిచింది. నడుమకు వచ్చేసరికి అక్షరాలు ఒక అంచుకు జరగసాగాయి. చివరి మాటకు అంచే అయిపోయింది. కత్తి గాలిని కోసింది. మా ఇంటావిడ ముక్కలు పీకి చూపిస్తే పేరు వంకరగానైనా మొత్తం ఉంది. గారు ఉండవలసిన చోట ఏవో రెండు కొక్కేలు మిగిలాయి. చక్రాలను స్పిరిటుతో తుడిచాను. చుట్టను విప్పి వదులు ఇచ్చాను. కత్తి మరీ లోతుగా దిగి పొరను ఈడుస్తోందేమోనని కాస్త పైకి తిప్పాను. మళ్లీ కోశాను. మళ్లీ గారు పోయింది. ఆ బంగారు రంగు హైదరాబాద్ నుంచి తెప్పించింది, కోస్గిలో దొరకదు. చూస్తే చుట్టలో ఇంకొక్క లైనుకే మిగిలింది. అది కూడా పాడైతే కమాను ఉత్తగా ఉంటుంది. ఊరంతా, ఊరి ఆడబిడ్డలంతా దాని కిందినుంచి నడుస్తారు. పటేలు మనవడు కావాలనే చేశాడని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అనుకోకుండా ఉండటానికి మా ఇంటి చరిత్రలో వాళ్లకు ఒక్క కారణమూ దొరకదు.

ఆ సమయంలోనే ఆటో దిగి కండక్టరు వచ్చాడు. వెంట వాళ్ల అమ్మ. అవ్వకు చదువు రాదు, కానీ భర్త పేరు అంటించకముందే చేత్తో తాకి చూడాలని వచ్చిందట. ఆమె చెప్పులు బయట విప్పింది. అది రేడియం షాపు, అక్కడ చెప్పులు ఎవరూ విప్పరు. కండక్టరు లోపలికి వచ్చి, గోడకు ఆనించిన పాడైన పట్టీలు రెండింటినీ నింపాదిగా చదివాడు.

"ఊరి పేరు సక్కగనే వచ్చింది" అన్నాడు. "మా నాయిన పేరు గుడ వచ్చింది. గారు కాడికి వచ్చేవరకే నీ మిషన్‌కు చేతులు వస్తలేవా, పటేలా?"

"మిషన్ ఖరాబైంది" అన్నాను.

"మీ ఇంట్ల మిషన్లు గసొంటి జాగల్నే ఖరాబైతయి."

మా ఇంటావిడ అడ్డం వచ్చింది. "అన్నా, పొద్దటిసంది ఆ గారు కోసమే సస్తున్నడు. అన్నం గుడ తినలే. జర కూసో, చాయ్ తాగు" అంది. కండక్టరు కూర్చోలేదు. నేను నా పెద్దమనిషితనం చూపించుకోవాలనుకున్నాను కాబోలు, బల్లకు కుడివైపు ఉన్న ఖాళీ చూపించి, "రా అవ్వా, గీ బల్ల మీద కూసో" అన్నాను. అవ్వ అప్పుడే బల్లను సరిగ్గా చూసింది. చూసి కొంగు లాక్కుని వెనక్కి జరిగింది.

"వద్దు పటేలా. దీని ముంగట నిలవడ్డదాన్ని. దీని మీద ఎట్ల కూసుంట?"

"గదంత పాత ముచ్చట అవ్వా."

"పాతదే. నేను గుడ పాతదాన్నే గదా" అంది, కోపం లేకుండా. "ఎద్దు కాలు ఇరిగిందని మీ తాత మా ఆయనను పొద్దంత ఎండల నిలవెట్టిండు. నీళ్లిత్తమని సెంబు తెచ్చిన. మా ఆయన నోటికాడికి పోయిందో లేదో, గీ బల్ల మీదికెల్లే కాలుతోని తన్నిండు. సెంబు వొయ్యి మీ కోళ్లగంపల పడ్డది. అందరు నవ్విన్రు. కోడి గుడ ఒర్రింది."

నేను మా ఇంటావిడ వైపు చూడలేదు. ఆమె నా వైపు చూస్తోందని మాత్రం తెలుస్తోంది. ఆ కోడి అరుపును నా గొంతుతో ఆమె ఎన్ని పెళ్లిళ్లలో విని నవ్విందో ఆమెకూ గుర్తొచ్చి ఉంటుంది. ఆ కథలో చెంబు వెనక ఒక చెయ్యి, చెంబు ముందు ఒక ఎండిన నోరు ఉన్నాయని నాకు అంతవరకు తోచలేదు. అవ్వకు కనీసం చాయ్ నేనే అందిద్దామని గ్లాసు తీసుకున్నాను. తొందరలో గ్లాసు మిషన్ అంచుకు తగిలింది. చాయ్ బల్ల మీద ఒలికింది.

ఒలికిన చాయ్ అక్కడ నిలవలేదు. సన్నని ధారగా ఎడమకు పారింది, మిషన్ కింద దూరి, తాత కూర్చున్న పల్లంలో మడుగు కట్టింది. మిషన్ ఎడమ కాలు ఆ మడుగులో ఉంది. చుట్ట పెట్టిన స్టాండు కూడా అటే వాలి ఉంది. పొర అటే ఎందుకు పోతోందో, రెండు చక్రాల్లో ఒకటి ఎందుకు వదులుగా నొక్కుతోందో అప్పుడు కనిపించింది. నంబరు ప్లేటు పొడవులో ఆ వాలు తెలియదు. ఒక మనిషి పూర్తి పేరు పొడవులో తెలుస్తుంది.

అట్టముక్క మడిచి కాలు కింద పెడితే పని జరిగేది. చేతికి అట్టముక్క కూడా దొరికింది. పెట్టబుద్ధి కాలేదు. జారకుండా బల్లకు కట్టిన తాడు విప్పి మిషన్‌ను ఎత్తాను. కండక్టరు రెండో వైపు పట్టాడు. ఇద్దరం కలిసి కింద షాబాదు బండల మీద దించాం. బండలు సమానంగా ఉన్నాయి. చక్రాలు మళ్లీ తుడిచి, మిగిలిన రేడియం అంచును మిషన్ మీది గీతకు సరిపెట్టి, ఏమీ కోయకుండా లైను పొడవునా ఒకసారి ముందుకూ వెనక్కూ నడిపి చూశాను. అంచు గీత దాటలేదు. అవ్వను నా ప్లాస్టిక్ కుర్చీలో మా ఇంటావిడ బలవంతంగా కూర్చోబెట్టింది. కత్తిని దగ్గరగా చూడాలంటే నేను కింద కూర్చుని నడుము వంచక తప్పలేదు.

"లే పటేలా, గట్ల కింద కూసోకు. నాకు మంచిగనిపిస్తలేదు" అంది అవ్వ.

"పని అవ్వా" అన్నాను.

కండక్టరు చుట్టను రెండు చేతుల్లో పట్టుకుని కొద్దికొద్దిగా విప్పుతూ ఇచ్చాడు. "సమానంగ పట్టిన్నా?" "జర కుడికి." "గిట్లనా?" "ఆ, గట్లనే పట్టు." మా ఇద్దరి మధ్య పుట్టి బుద్ధెరిగాక జరిగిన పొడుగు సంభాషణ అదే అనుకుంటాను. కత్తి పేరు దాటింది. చివరి మాటకు వచ్చింది. మా ఇంటావిడ సూది పట్టుకుని నిలబడే ఉంది. కత్తి చివరి వంపు తిరిగి, పైకి లేచి, తన చోటికి వెళ్లి ఆగింది.

ముక్కలు పీకాక అవ్వ కుర్చీలోంచి వంగి, అక్షరాల మీద వేళ్లు పెట్టి మొదటి నుంచి తడుముతూ వచ్చింది. చివర ఆగింది. "గిది ఏంది బిడ్డా, ఆఖర్ల?"

"గారు" అన్నాడు కొడుకు.

"గిది గుడ మీ నాయినదేనా?"

"నాయినదే అమ్మా."

ఆమె ఆ మాట మీదే చెయ్యి కాసేపు ఉంచింది. వెళ్లేటప్పుడు కండక్టరు గడప దగ్గర ఆగి, "రేపు పొలిమేర కట్టకముందే రా పటేలా. కట్టినంక ఎవ్వల్ని రానియ్యరు" అన్నాడు. వస్తానని తల ఊపాను. మా ఇంటావిడ అర్ధరాత్రి దాటగానే లేచి తయారైంది. నాకు పనుందని చెప్పాను. పని లేదని ఆమెకు తెలుసు. ఒక్కతే వెళ్లి, నీళ్లు పోసి, ఒడిబియ్యం చూసి వచ్చింది. వచ్చాక కమాను బాగుందని మాత్రం చెప్పింది. చెంబు సంగతి ఆ రోజూ ఎత్తలేదు, ఈ రోజు వరకూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని చాలాసార్లు అనిపించింది.

కండక్టరుకు బల్ల వాలు గురించి నేను చెప్పలేదు. మిషన్ ఖరాబైందనే మాటే మిగిలింది. అతను దాన్ని నమ్మాడో లేదో నాకు తెలియదు. నిజం చెబితే ఇంకా ఘోరంగా ఉండేది. మీ నాయిన పేరు చివర గారును తప్పించింది నేను కాదు, మా తాత కూర్చున్న చోటు అని ఏ నోటితో చెప్పడం? ఆ తర్వాత మా మేనకోడలి పెళ్లిలో భోజనాల దగ్గర ఎవరో చెంబు కథ చెప్పమన్నారు. మరిచిపోయానన్నాను. మరిచిపోవడమేమిటని ఒక కుర్రవాడు తనే అందుకుని, కోడి అరుపుతో సహా, నాకంటే బాగా చెప్పాడు. పంక్తి అంతా నవ్వింది. నేను విస్తరిలో అన్నం కలుపుతూ నిటారుగా కూర్చున్నాను. అతన్ని ఆపలేదు.

కోస్గి నుంచి సాయంత్రం బస్సులో వెళ్తుంటే ఆ కమాను ఇప్పటికీ కనిపిస్తుంది. లైట్లు పడితే బంగారు రంగు ముందు పేరు దగ్గర మెరిసి, చివరి మాట మీదుగా జారి ఆరిపోతుంది. ఎండకు రేడియం అక్కడక్కడా లేచింది, గారు మాత్రం గట్టిగానే ఉంది.

ఇల్లూ చెలక భూమీ బాపు ఉండగానే పోయాయి. బల్లను ఆ ఏడు వానలు పడకముందే, పాత సామాను కొని హైదరాబాద్ హోటళ్లకు వేసే ఒకాయనకు నేను అమ్మాను. మా ముత్తాత కాలం, తాత కాలం, బాపు కాలం దాని మీదే గడిచాయి. దాన్ని ట్రాలీలోకి ఎక్కించడానికి చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు.